గంపగుత్త ధరలో నేల వాటా ఎంత? అలాస్కా క్రూయిజ్‌టూర్ లెక్క

ఏడు రాత్రులు ఓడలో, నాలుగు రాత్రులు నేలమీద, అన్నీ కలిపి మనిషికి ఒకటే ధర. అలాస్కా క్రూయిజ్‌టూర్ ప్రకటనలు ఇంచుమించు ఈ తీరులోనే ఉంటాయి. ఆ మొత్తాన్ని రోజుల సంఖ్యతో భాగించి, "రోజుకు ఇంతే కదా, ఫర్వాలేదు" అని సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. చిక్కేమిటంటే, ఈ గంపగుత్తలో కట్టిన రెండు సరుకులూ ఒక జాతివి కావు. ఓడలో ఒక రోజు ధరలో గది, మూడు పూటలా భోజనం, సాయంత్రం వినోదం, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం, అన్నీ కలిసి ఉంటాయి. నేలమీద ఒక రోజు ధరలో గది, రైలు లేదా బస్సు సీటు, ఒకటో రెండో టూర్లు ఉంటాయి. భోజనం మామూలుగా ఉండదు. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే చవకగా ఉన్న ఓడ రోజులు ఖరీదైన నేల రోజులను దాచేస్తాయి.

అందుకని ముందు చేయాల్సింది తీసివేత. క్రూయిజ్‌టూర్‌లో ఉన్న క్రూయిజ్ విడిగా కూడా దొరుకుతుంది. అదే ఓడ, అదే తేదీ, అదే రకం క్యాబిన్ ఒక్క క్రూయిజ్‌కే ఎంతో చూసి, టూర్ మొత్తం ధరలోంచి తీసేస్తే మిగిలేదే నేల వాటా ధర. బేరం చూడాల్సింది ఆ మిగులు మీదే.

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క తెలియడానికి అనుకున్నవే, ఏ కంపెనీవీ కావు. బాల్కనీ క్యాబిన్‌తో 11 రాత్రుల టూర్ మనిషికి 3,600 డాలర్లు. అదే ఓడలో 7 రాత్రుల క్రూయిజ్ విడిగా 1,900. తేడా 1,700. నాలుగు రాత్రులకు పంచితే మనిషికి రాత్రికి 425, గదిలో ఇద్దరుంటారు కాబట్టి గదికి 850. రాత్రికి 850 డాలర్లు అనగానే ఎవరికైనా కాస్త గుండె దడ పుడుతుంది. కానీ అది గది అద్దె ఒక్కటే కాదు కదా, రైలూ బస్సూ టూర్లూ అందులోనే ఉన్నాయి. కాబట్టి వాటిని విడివిడిగా కొంటే ఎంతవుతుందో రాసుకోవాలి. నాలుగు రాత్రులు హోటల్ 1,400, ఇద్దరికీ అద్దాల కప్పు బోగీలో రైలు 700, ఇద్దరికీ పార్కు బస్సు టూర్ 300, రేవుకు చేర్చే బస్సు 250 అనుకుందాం. మొత్తం 2,650. గంపగుత్తలో ఇద్దరి నేల వాటా 3,400. అంటే 750 డాలర్ల తేడా. పెట్టెలు మోసే పని తప్పడానికి, బుకింగుల తలనొప్పి వదలడానికి, ఏదైనా తేడా వస్తే చూసుకునే బాధ్యత కంపెనీ మీద పడడానికి ఇద్దరూ కలిసి కడుతున్నది ఆ 750. అది ఎక్కువా తక్కువా అన్నది మనిషిని బట్టి ఉంటుంది గానీ, కనీసం దేనికి ఎంత కడుతున్నామో ఇప్పుడు తెలిసింది.

ఈ తీసివేతను ఒక్క క్యాబిన్ రకంతో ఆపకూడదు. బాల్కనీ తీసుకున్నా, కిటికీ లేని లోపలి క్యాబిన్ తీసుకున్నా, నేలమీద ఇచ్చే హోటల్ గది, రైలు సీటు మామూలుగా ఒకటే. కాబట్టి ఏ క్యాబిన్‌తో లెక్క కట్టినా నేల వాటా ఒకే అంకె రావాలి. లోపలి క్యాబిన్ టూర్ 2,700, విడి క్రూయిజ్ 1,000 అయితే తేడా మళ్లీ 1,700, లెక్క సరిపోయింది. అదే విడి క్రూయిజ్ 750కి కనబడితే తేడా 1,950కి చేరుతుంది. ఓడ క్యాబిన్ల మీద తగ్గింపు నడుస్తోంది, అది టూర్ ధరకు ఇంకా చేరలేదు అని దానర్థం. అలాంటప్పుడు విడివిడిగా కొనడమో, కొన్నాళ్లు ఆగడమో మేలు. ఒక్కోసారి దీనికి ఎదురు కూడా జరుగుతుంది. మే నెలలోనో, సెప్టెంబర్‌లోనో నేల వాటా ఆశ్చర్యంగా పడిపోతుంది, హోటల్ గదులు ఖాళీగా ఉంటాయి కాబట్టి.

పోల్చే రెండు ధరల్లోనూ పన్నులు, రేవు రుసుములు కలిసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. దాచిన రుసుములను ఆపడానికి కాలిఫోర్నియాలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన చట్టం తర్వాత పెద్ద క్రూయిజ్ కంపెనీలు ప్రకటన ధరలోనే వాటిని కలిపి చూపించడం మొదలుపెట్టాయి. వేరే దేశాల వెబ్‌సైట్లలో, ఏజెంట్ల దగ్గర ఇంకా విడిగా చూపిస్తూ ఉండవచ్చు. ఒకదాంట్లో కలిపి, ఇంకోదాంట్లో కలపకుండా తీసివేస్తే వచ్చే అంకెకు విలువ లేదు.

ఓడ ఎందుకు వాంకూవర్‌లో ఎక్కాలి?

అలాస్కాలో క్రూయిజ్‌టూర్ ఇంతగా పాతుకుపోవడానికి అందం ఒక్కటే కారణం కాదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. విదేశీ జెండా ఉన్న ఓడ, అంటే వేరే దేశంలో నమోదైన ఓడ, ఒక అమెరికా రేవులో ప్రయాణికులను ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో నేరుగా దించడానికి వీల్లేదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండాలవే. కాబట్టి సియాటిల్‌లో ఎక్కి యాంకరేజ్ దగ్గర దిగడం కుదరదు. సియాటిల్ నుంచి వెళ్తే మళ్లీ సియాటిల్‌కే రావాలి, దారిలో కెనడాలోని విక్టోరియా లాంటి రేవును తాకాలి. ఒకవైపు ప్రయాణం కావాలంటే ఒక కొస కెనడాలో ఉండాలి. ఆ కొసే వాంకూవర్. రెండో కొస యాంకరేజ్‌కు దగ్గర్లో ఉన్న అలాస్కా రేవులు సెవార్డ్ లేదా విట్టియర్. 2021లో కెనడా తన రేవులు మూసేసినప్పుడు అమెరికా కాంగ్రెస్ తాత్కాలికంగా ప్రత్యేక చట్టం చేస్తే తప్ప ఆ ఏడాది పెద్ద క్రూయిజ్ ఓడలు అలాస్కాకు కదల్లేదు.

రానుపోను క్రూయిజ్‌లు ఎక్కువగా ఆగ్నేయ అలాస్కా దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాయి. ఒకవైపు ఓడ మాత్రం అలాస్కా సింధుశాఖ దాటి రాష్ట్రం నడిబొడ్డుకు దగ్గరగా దించుతుంది. అక్కడి నుంచి లోపలికి వెళ్లకుండా విమానం ఎక్కేయడం అంటే గుమ్మం దాకా వచ్చి ఇంట్లోకి వెళ్లకుండా తిరిగినట్టే. కంపెనీలు దీన్ని ఎప్పుడో గుర్తించాయి. హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ అనే క్రూయిజ్ కంపెనీలు అక్కడ సొంత లాడ్జిలు, సొంత బస్సులు, సొంత రైలు బోగీలు పెట్టుకున్నాయి. ఇప్పుడు ఆ రెండూ కార్నివాల్ అనే పెద్ద క్రూయిజ్ సంస్థ గొడుగు కింద ఉన్నవే. ఆ బోగీలను లాగేది మాత్రం అలాస్కా రైల్‌రోడ్ ఇంజినే. అదే రైలుకు మామూలుగా అలాస్కా రైల్‌రోడ్ సొంత బోగీలూ తగిలించి ఉంటాయి, వాటిలో టికెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు. అంటే గంపగుత్తలో కొన్నా, విడిగా కొన్నా పట్టాలూ అవే, కొండలూ అవే.

ఈ ఒకవైపు ప్రయాణానికి తగ్గ ఖర్చులు టూర్ ధరలో కనబడవు. వెళ్లేది ఒక ఊరికి, తిరిగొచ్చేది ఇంకో ఊరి నుంచి. వాంకూవర్‌కు వెళ్లే విమానం, యాంకరేజ్ లేదా ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి వచ్చే విమానం రెండూ కలిపి ధర చూడాలి. వీసా అవసరమైనవాళ్లకు రెండు దేశాల వీసాలూ కావాలి. సియాటిల్ రానుపోను క్రూయిజ్‌తో పోల్చేటప్పుడు ఈ విమానం తేడాను మరిచిపోతే మొదటి లెక్కంతా నీళ్లపాలే.

ముందు నేలా, ముందు ఓడా?

ముందు నేలమీద తిరిగి తర్వాత ఓడ ఎక్కడమా, లేక ముందు ఓడా అన్నదాని మీద అందరూ చెప్పేది ఒకటే: నేలమీద తిరుగుడు ఎక్కువ, పొద్దున్నే లేవాలి, పెట్టెలు సర్దాలి, అది ముందు ముగించుకుంటే ఓడలో విశ్రాంతిగా ఉండవచ్చు అని. నిజమే. అయితే డబ్బు లెక్కలో ఇంకో కోణం ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అది కూడా ఆ 1886 చట్టం నుంచే వస్తుంది.

విమానం ఆలస్యమై వాంకూవర్‌లో ఓడ తప్పిపోయిందనుకోండి. మర్నాడో ఎల్లుండో దారిలోని అలాస్కా రేవు కెచికాన్‌లో అందుకుందాం అంటే కుదరకపోవచ్చు. కెచికాన్‌లో ఎక్కి సెవార్డ్‌లో దిగితే అది రెండు అమెరికా రేవుల మధ్య ప్రయాణం అవుతుంది, చట్టం ఒప్పుకోదు. అదే ముందు నేలమీద తిరిగి, అలాస్కా నుంచి దక్షిణంగా వచ్చే ఓడను విట్టియర్‌లో తప్పితే, దారిలోని ఇంకో అలాస్కా రేవు జునోలో ఎక్కి వాంకూవర్‌లో దిగవచ్చు. అమెరికాలో ఎక్కి కెనడాలో దిగడానికి ఆ చట్టం అడ్డు రాదు, కంపెనీ ఒప్పుకుంటే చాలు. కాబట్టి ముందు నేల, తర్వాత ఓడ అనే వరుసలో తప్పు జరిగినా దిద్దుకునే దారి ఒకటుంటుంది. ముందు ఓడ అనుకునేవాళ్లు వాంకూవర్‌కు ఒక రోజు ముందే చేరి, ఆ ఒక్క రాత్రి హోటల్ ఖర్చును టూర్ ధరలో భాగంగానే రాసుకోవాలి.

గంపగుత్తలో ఇచ్చే అదనపు డబ్బుకు నిజమైన విలువ కనబడేది కూడా ఇక్కడే. కంపెనీ బస్సు ఆలస్యమైతే ఓడకు చేర్చే తలనొప్పి కంపెనీదే. సొంతంగా వస్తే ఓడ ఆగదు. విట్టియర్‌కు రోడ్డున చేరాలంటే 4 కిలోమీటర్ల సొరంగం దాటాలి. ఒకే వరుస దారి, అందులోనే రైలూ వెళ్లాలి, కార్లూ వెళ్లాలి. ఒక్కో దిక్కు నుంచి గంటకోసారి మాత్రమే వదులుతారు. ఆ వదిలే సమయం ఐదు నిమిషాల తేడాతో తప్పితే ఇంకో గంట కారులో కూర్చుని వాచీ చూసుకోవడమే. ఆ టెన్షన్ వద్దనుకునేవాళ్లకు పై ఉదాహరణలోని 750 డాలర్లు పెద్ద మొత్తం కాకపోవచ్చు.

పై ఖర్చులు

ఓడ మీద టిప్స్, మద్యం, వైఫై, రేవుల్లో ఓడ దిగి చేసే టూర్లు (షోర్ ఎక్స్‌కర్షన్లు) విడిగా ఉంటాయని ఇప్పుడు అందరికీ తెలుసు. నేలమీద ఖర్చే చాలామందికి తెలియకుండా తడిసి మోపెడవుతుంది. ఏడు రోజులు మెనూలో ధర చూడకుండా తినడం అలవాటైన మనిషి, ఎనిమిదో రోజు లాడ్జిలో టిఫిన్ దగ్గర్నుంచి బిల్లు కట్టడం మొదలుపెడతాడు. లాడ్జి అంటే ఇక్కడ అడవి అంచున కట్టిన పెద్ద రిసార్టు. వాటిలో కొన్నింటికి నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో హోటల్ ఉండదు. గది ఇచ్చినవాళ్లే భోజనమూ అమ్ముతారు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. గంపగుత్తలో కొన్నా విడిగా కొన్నా భోజనం ఖర్చు తప్పదు కాబట్టి ఆ రెంటి పోలికలో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ ఒట్టి క్రూయిజ్ చాలా, క్రూయిజ్‌టూర్ కావాలా అని తేల్చుకునేటప్పుడు మాత్రం నాలుగు రోజుల భోజనం తప్పకుండా కలపాలి.

ఇక ఎంతమంది వెళ్తున్నారన్నది. ధరలన్నీ గదికి ఇద్దరు అనే లెక్క మీద కట్టినవి. నలుగురి కుటుంబం అయితే తక్కెడ సొంత ఏర్పాట్ల వైపు గట్టిగా మొగ్గుతుంది. రైలు సీట్లు నాలుగు కొనాలి, అద్దె కారు ఒకటే చాలు. యాంకరేజ్ నుంచి, పెద్ద పర్వతం ఉన్న డెనాలి జాతీయ పార్కు ద్వారం సుమారు 380 కిలోమీటర్లు, కారులో నాలుగు గంటల పైచిలుకు, అదే రైలు అయితే ఏడున్నర గంటల దాకా పడుతుంది. కారును యాంకరేజ్‌లోనే తిరిగి ఇచ్చేసి రేవుకు బస్సులోనో రైల్లోనో వెళ్తే వేరే ఊళ్లో వదిలినందుకు వేసే అదనపు చార్జీ కూడా ఉండదు. ఒంటరిగా వెళ్లేవాళ్ల చిక్కు వేరు. క్యాబిన్ మొత్తానికి ఒక్కరే కడతారు కాబట్టి ధర రెట్టింపుకు దగ్గరగా పోతుంది. ఆ రెట్టింపు ఓడ భాగానికే వేస్తున్నారా, గంపగుత్త అంతటికీ వేస్తున్నారా అన్నది అడిగి తెలుసుకోవాలి. అంతటికీ వేస్తే ఒక్క రైలు సీటుకు రెండు సీట్ల డబ్బు కట్టినట్టే.

వయసు పైబడినవాళ్లు, పెట్టెలు ఎత్తలేనివాళ్లు ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి గంపగుత్త తీసుకున్నా తప్పు పట్టనక్కర్లేదు. పొద్దున గది బయట పెట్టిన పెట్టె సాయంత్రం ఇంకో ఊళ్లో గదిలో కనబడడం చిన్న విషయం కాదు.

డెనాలిలో ఎన్ని గంటలు?

నేల వాటా ధర తేలాక, అది కొనిపెట్టే సమయం ఎంతో చూడాలి. టూర్ పేరులో 11 రోజులని ఉన్నా, మొదటి రోజు మధ్యాహ్నం చేరి, ఆఖరి రోజు పొద్దున్నే బయటపడితే చేతికి వచ్చేది తొమ్మిది రోజులు. నేలమీద ఈ కోత ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఊళ్ల మధ్య దూరాలు పెద్దవి. యాంకరేజ్‌లో ఉదయం ఎనిమిది దాటాక బయల్దేరిన రైలు డెనాలి చేరేసరికి మధ్యాహ్నం నాలుగవుతుంది. మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో యాంకరేజ్ వైపు తిరుగు రైలు. అక్కడ ఒకే రాత్రి బస ఉంటే చేతిలో ఉండేది చేరిన సాయంత్రం, పొద్దున్నే ఒక బస్సు టూర్, అంతే. అద్దాల కప్పు బోగీలో కూర్చుని చూసే దృశ్యాలకు విలువ లేదనడం లేదు. కానీ రెండు రోజుల్లో పదిహేను గంటలు రైల్లోనే గడిస్తే, దాన్ని "డెనాలిలో రెండు రోజులు" అనడం మాటల గారడీ. జూన్‌లో రాత్రి పదకొండు దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి చేరిన సాయంత్రం పూర్తిగా వృథా కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

డెనాలి అనే పేరు కూడా జాగ్రత్తగా చదవాలి. జాతీయ పార్కు ద్వారం దగ్గర కొన్ని హోటళ్లు ఉన్నాయి. పర్వతానికి దక్షిణంగా, ద్వారానికి రోడ్డున 160 కిలోమీటర్ల అవతల ఇంకొన్ని లాడ్జిలున్నాయి. ఆకాశం తేటగా ఉంటే పర్వతం ఈ దక్షిణం వైపు నుంచి బ్రహ్మాండంగా కనబడుతుంది, కానీ పార్కులోకి వెళ్లే బస్సులు బయల్దేరేది ద్వారం దగ్గర. "డెనాలి ప్రాంతంలో రెండు రాత్రులు" అంటే ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి అక్కడ కావచ్చు. మధ్యలో రెండు గంటల బస్సు, మళ్లీ పెట్టెలు సర్దుడు.

పార్కు లోపలి దారి 92 మైళ్లు, అంటే 148 కిలోమీటర్లు. సొంత వాహనాలను వేసవిలో మొదటి 15 మైళ్ల దాకానే వదులుతారు, ఆపైన బస్సే. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ అనే చోట నేల జారిపోవడంతో దారిని సగంలోనే మూసేశారు. ఆ చోట వంతెన కట్టే పని మొదలుపెట్టారు. దారి తెరిచేదాకా బస్సులు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరగాలి. పార్కు టూర్ కలిపే ఉందన్న మాట చూసి ఊరుకోకుండా ఏ టూరో చూడాలి. ప్రాంతం చరిత్ర చెప్పే పొట్టి టూర్ వేరు, లోపలి దాకా తీసుకెళ్లి జంతువులను వెతికే టండ్రా టూర్ వేరు. చవక ప్యాకేజీల్లో సాధారణంగా మొదటిదే ఉంటుంది. రెండోదానికి అదనంగా కట్టాల్సి వస్తే ఆ మొత్తాన్ని నేల వాటాకు కలపాలి. గైడ్ వ్యాఖ్యానం లేని మామూలు పార్కు బస్సులూ ఉన్నాయి, చాలా చవక. వాటిని ప్యాకేజీలు ప్రస్తావించవు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి పర్వతం కనబడుతుందా అంటే, పూచీ లేదు. 6,190 మీటర్ల ఆ శిఖరం సొంత మబ్బులను తానే పుట్టించుకుంటుంది. వేసవిలో వచ్చినవాళ్లలో మూడోవంతు మందికే కనబడుతుందని అక్కడ చెప్పే లెక్క. ఉన్న గంటలు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది, అందుకే అక్కడ ఉండే రెండో రాత్రికి మొదటి రాత్రి కన్నా విలువ ఎక్కువ.

ఆ విలువను కూడా తీసివేతతోనే పట్టుకోవచ్చు. అదే తేదీ, అదే ఓడ, అదే క్యాబిన్‌తో 11 రాత్రుల టూర్, 12 రాత్రుల టూర్ రెండూ పక్కపక్కన పెట్టాలి. తేడా మనిషికి 300 డాలర్లు అనుకుందాం. మొదటి నాలుగు నేల రాత్రులకు సగటున 425 పడింది. వాటిలో చాలా సమయం రైళ్లకూ బస్సులకూ పోయింది. ఈ 300తో వచ్చేది ఎక్కడికీ కదలనక్కర్లేని ఒక నిండు రోజు, మెలకువగా ఉండే పదహారు గంటలు. పొద్దున మబ్బు పట్టి ఉంటే సాయంత్రం దాకా ఎదురుచూసే వీలు. మొత్తం టూర్‌లో అన్నిటికన్నా చవకగా దొరికే రోజు ఇదే కావచ్చు, ఆ రాత్రిని పార్కు ద్వారం దగ్గర కలిపితే. యాంకరేజ్‌లో విమానాశ్రయం దగ్గరి హోటల్లో కలిపితే మాత్రం 11 రాత్రుల టూరే కొని, ఆ గదిని విడిగా బుక్ చేసుకుంటే ఎంతవుతుందో ముందు చూడాలి. గదికి ఇద్దరి లెక్కన 600 డాలర్లు కట్టాల్సిన పని ఉండకపోవచ్చు.